బైరాగి పట్టని దొంగ

ఒక పెద్ద అడవిలో సింహం గద్దెనెక్కి తీర్పులు చెబుతుందంటారే, అది నేను చూడలేదు. నేను చెప్పేది ఆ అడవి అంచున, కంచెకి ఇవతల ఉన్న సన్యాసమ్మ పెరటి సంగతి. అక్కడ గద్దె లేదు, బోర్లించిన గంప ఉంది. దాని మీద డేగరాయుడనే పుంజు ఎక్కి కూర్చుంటే సభ మొదలైనట్టే.

సన్యాసమ్మ పొద్దున్నే రాతి తొట్టి నిండా గంజి పోసి, నాలుగు ఎండుచేప తలకాయలు పడేసి, కొడవలి పట్టుకుని చేలోకి పోతుంది. అందులో ఎవరి వాటా ఎంతో పెరటి పంచాయితీ తేల్చుకోవాలి. పుంజుగారు అధ్యక్షులు. తలమీద తురాయి ఉన్న పెట్ట మాణిక్యమ్మ కార్యదర్శి. మిగతా పెట్టలు సభ్యులు. కుక్కలు రెండున్నాయి. వాటికి వాటా ఉంది గానీ మాట లేదు.

కుక్కల్లో పెద్దది సింగారి. పగలంతా బండి కింద పడుకుని, వచ్చేపోయేవాళ్ల మీద మాటలు విసరడమే ఆవిడ పని. రెండోవాడు బైరాగి. ఎనిమిదేళ్లుగా కాపలా వాడిదే. తెల్లారగానే కంచె చుట్టూ మూడుసార్లు తిరిగి, ప్రతి గుంజనీ వాసన చూసి, అరుగు మూల గోనెసంచి మీద వాలతాడు. గంజీ, ఆ మూలా ఉంటే చాలు వాడికి. ఇంకేమీ అడిగిన పాపాన పోలేదు.

ఒక సోమవారం మాణిక్యమ్మకి సమీక్ష జరపాలని బుద్ధి పుట్టింది. ఎవరేం పని చేస్తున్నారో సభలో చెప్పాలి.

"నేను రోజూ సూర్యుణ్ణి లేపుతున్నాను" అన్నాడు డేగరాయుడు. "నేను కూశాక ఆయన లేవని రోజుంటే చెప్పండి."

ఎవరు చెప్పగలరు? పెట్టలు తమ గుడ్లు చూపించాయి. బైరాగి వంతు వచ్చింది.

"కాపలా కాస్తున్నానండి."

"ఎంతమంది దొంగల్ని పట్టావు?"

"ఎవరూ రాలేదండి."

"ఎనిమిదేళ్లలో ఒక్కడూ రాలేదూ?"

"రాకుండా చూశానండి."

"రానివాణ్ణి ఎలా చూశావయ్యా!" అంది మాణిక్యమ్మ. పెట్టలన్నీ రెక్కలు కొట్టుకుని నవ్వాయి.

బైరాగి చెవులు వాలిపోయాయి. తీర్మానం అయిపోయింది. వచ్చే సోమవారం లోపల ఒక్క దొంగనైనా చూపించకపోతే గంజి వాటా బందు. అరుగు మూల పొదిగే పెట్టలకి.

"ఏరా తమ్ముడూ, కోళ్ల కొలువులో కుక్క పని చేస్తే ఎలారా?" అంది సింగారి బండి కింద నుంచే. "వాళ్లకి పనంటే గుండ్రంగా కంటికి కనబడాలి. చేశాక ఊరంతా వినబడేలా అరవాలి. పోయి ఒక దొంగని చూసుకో."

"దొంగ ఎక్కడ దొరుకుతాడక్కా?"

"కంచె అవతల. నీకు జడిసి ఎనిమిదేళ్లుగా అక్కడే కూర్చుంది పాపం, బావురుపిల్లి."

బైరాగికి సిగ్గేసింది. అయినా ఆకలి కదా, వెళ్లాడు. తుప్పల్లో ఒళ్లు నాక్కుంటున్న పిల్లితో బేరం కుదుర్చుకున్నాడు. రోజూ ఎండెక్కే వేళకి పిల్లి గడ్డివాము దగ్గర మొహం చూపించి పారిపోవాలి. బైరాగి తరమాలి. బదులుగా తన వాటా చేప తలకాయ దానికి.

"నన్ను దొంగంటారు కదా?" అంది పిల్లి చిన్నబుచ్చుకున్నట్టు.

"అంటారు."

"సర్లే. ఊరికే అనిపించుకునేకంటే చేప తిని అనిపించుకోవడం నయం."

మర్నాడు పిల్లి వచ్చింది. అబ్బో, ఏం చెప్పమంటారు! పెట్టలు మునగచెట్టెక్కాయి. డేగరాయుడు నీళ్ల కాగు వెనక దూరాడు. బైరాగి గొంతు చించుకుని మొరుగుతూ పెరడంతా దుమ్ము లేపాడు. పిల్లి కంచె దూకాక పుంజు ఒళ్లు దులుపుకుంటూ బయటికొచ్చి, "వెనక వైపు నేను కాశాను" అన్నాడు.

బైరాగిని వీరుడన్నారు. గంజి రెండింతలు చేశారు. మొదటిరోజు ఆ గంజి వాడికి సయించలేదు. రెండోరోజుకి బాగానే దిగింది. ఎనిమిదేళ్లలో పెట్టలు వాడికి దారి ఇవ్వడం అదే మొదలు. నిజం చెప్పాలంటే వాడికి బాగుంది.

అయితే రోజూ అంత హడలిపోయాక పెట్టలు గుడ్లెలా పెడతాయి? మానేశాయి. సన్యాసమ్మ కోళ్ల గూట్లో చెయ్యి పెట్టి వెతికి, "ఓసి మీ దుంపతెగ! పదిరోజుల్లో మా తమ్ముడొస్తాడు. గుడ్లు లేకపోతే మిమ్మల్నే వండుతాను" అంది.

పంచాయితీ గుండె గుభేలుమంది. అప్పటికప్పుడు సభ.

"బైరాగి పని చెయ్యనప్పుడు గుడ్లున్నాయి, దొంగ లేడు. పని మొదలెట్టాక దొంగ ఉన్నాడు, గుడ్లు లేవు. ఏంటో చూడండి" అంది ఒక ముసలి పెట్ట. ఆ మాట పట్టుకుంటే అక్కడితో తేలిపోయేది. కానీ ఆ పెట్ట గుడ్లు మానేసి రెండేళ్లయింది కాబట్టి ఆవిడ మాట చెల్లలేదు.

"దొంగ రాకుండా ఉండాలంటే దొంగ మనసు తెలిసినవాళ్లు కావాలి" అంది మాణిక్యమ్మ. "ఆ పిల్లిగారినే సలహాదారుగా వేసుకుందాం."

పోతే తన గంజి పోయింది, ఈ పిచ్చి ముండలు ప్రాణాలే పోగొట్టుకుంటారే అనిపించింది బైరాగికి.

"వద్దండీ! అదంతా నాటకం. నేనే దాన్ని పిలిచాను. తప్పు నాదే!"

"నాటకమా? నిన్ను వీరుడని తీర్మానం చేశామే!" అన్నాడు డేగరాయుడు.

"నేను వీరుణ్ణి కాదండి."

"కాదనడానికి నువ్వెవరు? తీర్మానం అయ్యాక అయినట్టే. పిల్లిగారొస్తున్నారని నీకు కడుపుమంట. వెళ్లి నీ మూల కూర్చో."

మర్నాడు పిల్లిగారు దిడ్డి తలుపులోంచి తలెత్తుకుని వచ్చారు. గంప పక్కన కూర్చుని పెట్టల్ని ఒక్కొక్కరినే పిలిపించుకుని, "బాగా చిక్కారమ్మా, తినాలి" అని వీపు నిమిరారు. తర్వాత, "అధ్యక్షులవారు కాస్త ఇలా దగ్గరికి రావాలి. దొంగ ముందు ఎక్కడ పట్టుకుంటాడో చూపిస్తాను" అన్నారు.

డేగరాయుడు రొమ్ము విరుచుకుని వెళ్లాడు. పిల్లి చూపించింది.

బైరాగి ఎవరి అనుమతీ అడగలేదు. అరుగు మీంచి ఒక్క దూకు దూకి మీద పడ్డాడు. ఈసారి మొరగలేదు, కరిచాడు. పిల్లి కెవ్వుమని కంచె దాటి అడవిలో పడింది. దాని నోట్లో పుంజుగారి తోక మొత్తం ఉంది. పుంజుగారు మాత్రం ఇవతలే ఉన్నారు.

"బతికాడా?" అని సింగారి మొదటిసారి బండి కింద నుంచి లేచి వచ్చింది.

"బతికాడక్కా" అన్నాడు బైరాగి. వాడికి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

ఆ తర్వాత పిల్లి ఈ చుట్టుపక్కల కనబడలేదు. పెట్టలు కుదుటపడ్డాయి, గుడ్లు పెట్టాయి. సన్యాసమ్మ తమ్ముడు గుడ్ల పులుసు తిని, వేళ్లు నాక్కుని, బస్సెక్కి వెళ్లిపోయాడు.

మళ్లీ సమీక్ష పెట్టారు. తోక లేక గంప మీద నిలదొక్కుకోలేకపోతున్న డేగరాయుడు, "బైరాగీ, ఈ వారం ఏం జరిగింది?" అన్నాడు.

"ఏమీ జరగలేదండి" అన్నాడు బైరాగి భయంభయంగా.

"శభాష్!" అన్నాయి పెట్టలన్నీ. గంజి వాటా ఖాయం, అరుగు మూల ఖాయం అని తీర్మానించాయి.

డేగరాయుడు గొంతు సవరించుకున్నాడు. "ఏమీ జరగకపోవడం మాటలు కాదు. అది ఎవరి అధ్యక్షతన జరగలేదో సభ గుర్తుంచుకోవాలి."

"నేను పక్కన లేకపోతే ఎన్ని జరిగేవో!" అంది మాణిక్యమ్మ. అంతే, ఒక్కొక్క పెట్టా లేచి తన వల్ల ఏమేం జరగలేదో చెప్పుకోసాగింది. చప్పట్లే చప్పట్లు.

ఆ సందడిలో బైరాగి తొట్టి దగ్గరికి పోయి తన గంజి తాను కడుపునిండా తాగాడు. తర్వాత కంచె చుట్టూ ఒకసారి తిరిగొచ్చి హాయిగా పడుకున్నాడు.

నీతి: దొంగలు పడితే తప్పు కాపలావాడిది, పడకపోతే గొప్ప అధ్యక్షులవారిది.