పక్కదాన్ని చూడండి, అల్లుడుగారూ

ఆ శనివారం పొద్దున్న చిన్నల్లుడి పథకం చాలా చిన్నది. షోరూముకు వెళ్ళడం, నీలం కారు కొనడం, భోజనం వేళకి ఇంటికి రావడం. అంతే. అయితే బయల్దేరే ముందు అత్తగారిని కూడా వెంట తీసుకువెళ్ళాలని నిర్ణయమైంది. ఎవరు నిర్ణయించారని అడక్కండి. ఆ ఇంట్లో నిర్ణయాలు వాటంతట అవే జరిగిపోతుంటాయి.

చిన్నల్లుడు ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీస్తాడు. "ఊపిరి బిగబట్టండి, కదలకండి, ఆఁ, ఇక వదలండి" అని రోజంతా జనానికి చెప్పడమే అతని ఉద్యోగం. ఆ ఆసుపత్రి కాస్తా ఉన్నట్టుండి ఊరి చివరికి మారిపోయింది. అప్పటినుంచి రెండు బస్సులు మారి వెళ్ళాలి, రెండు బస్సులు మారి రావాలి. పాప లేవకముందే బయల్దేరతాడు, పాప పడుకున్నాక ఇల్లు చేరతాడు. పాపకి ముందు పన్ను ఊడిందన్న కబురు అతని చెవిన పడేసరికి ఆ చోట కొత్త పన్ను తొంగిచూస్తోంది. ఆ రోజు అతనికి అన్నం సయించలేదు. కారు కొనాల్సిందేనని మొగుడూ పెళ్ళాం ఆ పూటే తేల్చుకున్నారు.

అదీ ఏదో ఒక కారు కాదు, ఆ చిన్న నీలం కారే కావాలి. దానికంటే వెడల్పైనది ఏదీ వాళ్ళ సందులో పట్టదు. షోరూములో మిగిలింది అదొక్కటే. అది చెయ్యిజారితే మళ్ళీ సరుకు వచ్చేసరికి నెలలు పడుతుంది, ధర కూడా పెరుగుతుంది. అందుకే అత్తగారు.

బేరంలో అత్తగారంతటి మనిషిని చూడలేదని బజారు బజారంతా ఒప్పుకుంటుంది. ఓసారి ఆవిడ ఓ కొట్లో నిలువుటద్దాన్ని పొద్దెక్కేదాకా మెచ్చుకుని, బేరమాడి, ఆఖర్న "మా వల్ల కాదులే నాయనా, పోనీ ఆ బీరువా ఎంత?" అని నిట్టూర్చి, బీరువాని ఇంచుమించు సగం ధరకి ఇంటికి తెచ్చారు. ఆ కొట్టాయన వీధి మలుపుదాకా వచ్చి సాగనంపి, "అమ్మా, మళ్ళీ రాకండి" అని దణ్ణం పెట్టాడు. అందులో కోపం ఇసుమంతైనా లేదు. అంతా గౌరవమే.

చిన్నల్లుడికి ఆవిడంటే భక్తి. ఆవిడకి తనంటే ఏమిటో మాత్రం పెళ్ళయి ఇన్నేళ్ళైనా అంతుబట్టలేదు. ఎందుకంటే ఆవిడ నోరు తెరిస్తే పెద్దల్లుడి మాటే. చిన్నల్లుడు గోడకి మేకు కొడితే, "మా పెద్దల్లుడు కొడితే గోడకి కూడా తెలియదు" అంటారు. బల్బు మారిస్తే, "పెద్దల్లుడికి స్టూలు కూడా అక్కర్లేదు" అంటారు. ఆ ఎత్తు తనకి లేనందుకు చిన్నల్లుడు లోలోపల కుమిలిపోయేవాడు.

టీ తాగుతుండగానే అత్తగారు శిక్షణ మొదలుపెట్టారు.

"అల్లుడుగారూ, ఈ టీ గిన్నె మీకు కావలసిన కారు అనుకోండి. ఎటు చూస్తారు?"

"గిన్నె వైపు."

"అయిపోయాం. నిండా మునిగాం. కావలసినదాని మీద మన కన్ను పడిందా, ఇక దాని ధర దిగదు. పక్కనున్న చక్కెర డబ్బాని చూడాలి. దాన్నే మెచ్చుకోవాలి, దాన్నే బేరమాడాలి. ఆఖర్న అబ్బే, మా వల్ల కాదని లేచి, పోతూ పోతూ జాలిపడ్డట్టు గిన్నె ధర అడగాలి. అప్పుడు వాళ్ళే తెచ్చి చేతిలో పెడతారు."

"మరి నేనేం మాట్లాడాలి అత్తయ్యగారూ?"

"మీరు మాట్లాడకూడదు. అదే మీరు చేసే పెద్ద సాయం."

వంటింట్లోంచి భార్య తల బయటపెట్టింది. "అమ్మా, కారు కొనడానికి వెళ్తున్నారా, కన్నం వెయ్యడానికా? ఏమండీ, మీరేం చేస్తారో నాకు తెలియదు. ఆ నీలం కారు తప్ప ఇంకేం తెచ్చినా మీరూ కారూ రోడ్డు మీదే పడుకోవాలి, చెప్తున్నా."

షోరూము నేల మీద మన మొహం మనకే కనబడుతోంది. తలుపు పక్కన గోడకి ఓ ఇత్తడి గంట వేలాడుతోంది. కారు అమ్ముడైనప్పుడల్లా దాన్ని మోగిస్తారు. కుడివైపు, కిటికీ పక్కన, అప్పుడే స్నానం చేయించిన పసిపిల్లలా నీలం కారు. చిన్నల్లుడి ప్రాణం లేచొచ్చింది.

"చూపు!" అన్నారు అత్తగారు పెదవి కదపకుండా.

అతను మెడ విరుగుతుందేమో అన్నంత వేగంగా ఎడమకి తిరిగాడు. అక్కడ ఓ ఎర్ర కారు ఉంది. ఇంటిల్లిపాదీ కాళ్ళు చాపుకుని కూర్చునేంత కారు. దాని ముక్కు వాళ్ళ సందులోకి దూరినా తోక మెయిన్ రోడ్డు మీదే ఉంటుంది. చిన్నల్లుడు దాన్నే కళ్ళప్పగించి చూశాడు. మెడకి టై బిగించుకున్న సేల్స్‌మన్ ఆ చూపు పసిగట్టి పరుగున వచ్చాడు.

ఇక చూడాలి అత్తగారి బేరం! సంగీతం తెలిసినవాళ్ళు కళ్ళు మూసుకుని వింటారే, అలా వినాల్సిన బేరం. ముందు కారు చుట్టూ ఓసారి తిరిగి వచ్చారు. "రంగు బావుంది నాయనా. మిగతాదే బాలేదు" అన్నారు. తలుపు తీసి వేసి, "ఇదేం చప్పుడు, డబ్బాకి మూత పెట్టినట్టు?" అన్నారు. సీటు మీద చెయ్యి వేసి, "మా పెద్దల్లుడు చూస్తే నవ్విపోతాడు" అన్నారు. ఒక్కో మాటకీ టై కొంచెం వదులవుతోంది, ధర కొంచెం దిగుతోంది. మరో నాలుగు మాటలైతే "అబ్బే, మా వల్ల కాదు" అనే ఘట్టం వచ్చేసేది.

సరిగ్గా అప్పుడే ఎర్ర కారు పక్క అద్దంలో చిన్నల్లుడికి ఓ గొడుగు కనిపించింది. గొడుగు వెనక బట్టతల పెద్దాయన, ఆయన వెనక ఆయన భార్య, వాళ్ళ వెనక ఓ సేల్స్ అమ్మాయి. పెద్దాయన గొడుగు మొనతో నీలం కారు టైరుని పొడిచి చూస్తున్నాడు.

చిన్నల్లుడికి పై ప్రాణాలు పైనే పోయాయి. వెనక్కి తిరగకూడదు. మాట్లాడకూడదు. ఇంకా బాగా కనబడుతుందని గబుక్కున ఎర్ర కారు ఎక్కి, డ్రైవరు సీట్లో కూర్చుని, అద్దాన్ని అటూ ఇటూ తిప్పి నీలం కారు మీద నిలిపాడు.

"సారుకి సీటు భలే కుదిరిందమ్మా!" అని టై ఆయన మురిసిపోయాడు. "ఇక దిగరు చూడండి."

అద్దంలో పెద్దాయన నీలం కారు తలుపు తీశాడు. "అయ్యో!" అన్నాడు చిన్నల్లుడు.

"ధర ఎక్కువంటారా సార్? ఇంకొంచెం చూస్తాను" అని టై ఆయన కొంత తగ్గించాడు.

పెద్దాయన నీలం కారులో ఎక్కి కూర్చున్నాడు. వద్దు, వద్దన్నట్టు చిన్నల్లుడి తల దానంతటదే అడ్డంగా ఊగింది. టై ఆయన ఇంకొంత తగ్గించాడు. అత్తగారు అల్లుణ్ణి మెచ్చుకోలుగా చూశారు. నోరు మూసుకుని ఇంత పని చేస్తాడని ఆవిడ అనుకోలేదు.

"ఇది కారా, అగ్గిపెట్టా?" అన్న పెద్దాయన గొంతు అంతదూరం వినబడింది. తన కారుని అంత మాటంటే చిన్నల్లుడి నెత్తురు ఉడికిపోయింది. మోచెయ్యి హారను మీద పడింది. షోరూము దద్దరిల్లింది. అద్దాల గదిలోంచి మేనేజరు బయటికొచ్చాడు. చిన్నల్లుడు తనకి తాను "ఊపిరి బిగబట్టు, కదలకు" అని చెప్పుకుని బిగుసుకుపోయాడు. ఊపిరి వదలమని చెప్పేవాళ్ళు లేక మొహం ఎర్ర కారు రంగుకి వచ్చింది.

"ఏమయ్యా, సారుకి అంత కోపం తెప్పించావేం?" అని టై ఆయన్ని కసిరి, మేనేజరు అత్తగారి ముందు చేతులు కట్టుకున్నాడు. "అమ్మా, నెలాఖరు. నా లాభం పూర్తిగా వదిలేస్తున్నాను. ఇంతకి తీసుకెళ్ళండి" అని ఓ ధర చెప్పాడు.

ఆ ధర వినగానే టై ఆయన దగ్గాడు. ఇప్పుడు అత్తగారు అనాల్సింది "అబ్బే, మా వల్ల కాదు" అన్న ఒక్క మాట. కానీ జన్మలో ఏనాడూ అంతగా దిగిన ధరని వదిలేసి వచ్చిన మనిషి కాదావిడ. నాలుక పాత అలవాటు కొద్దీ కదిలింది.

"సరే" అన్నారు అత్తగారు.

టై ఆయన పరుగెత్తి గంట మోగించాడు. దాని మోత ఆగకముందే సేల్స్ అమ్మాయి కూడా వచ్చి అదే గంటని మళ్ళీ మోగించింది. నీలం కారు అమ్ముడైపోయింది.

చిన్నల్లుడు కారు దిగాడు. అత్తగారి మొహం పాలిపోయి ఉంది.

"అంత తగ్గాక వదలబుద్ధి కాలేదు అల్లుడుగారూ. మీ కారు పోగొట్టాను. తప్పు నాదే."

ఆవిడ అలా తల దించుకోవడం అతనెప్పుడూ చూడలేదు. కారు పోయిన బాధకంటే అది చూసి ఎక్కువ బాధపడ్డాడు. దాంతో ఎక్కడలేని తెగువా వచ్చింది. నేరుగా నీలం కారు దగ్గరికి వెళ్ళి, దాని ముందు భాగం మీద రెండు చేతులూ వేసి, షోరూమంతా వినబడేలా అనకూడని మాట అనేశాడు.

"నాకు ఇదే కావాలి! మొదట్నుంచీ ఇదే! ఆ ఎర్రదాన్ని మా అత్తయ్యగారు చూడమంటే చూశాను, అంతే. ఇది లేకపోతే మా పాప మేలుకుని ఉండగా నేను ఇల్లు చేరలేనండీ!"

పెద్దాయన గొడుగు కింద పడింది. ఆయన భార్య మాత్రం ఒక్కసారిగా పెద్దగా నవ్వేసింది.

"మీరూ అంతేనా బాబూ! మాకు కావలసింది ఆ ఎర్రదే. ఇంటినిండా మనుషులం, ఈ బుల్లిదాంట్లో మమ్మల్నెక్కడ కుక్కుతారు? అటు చూడనని ఈయన ఇంటిదగ్గరే నాచేత ఒట్టు వేయించుకున్నారు!"

"మరి దీనికి సరే అని ఎందుకన్నారండీ?" అన్నాడు చిన్నల్లుడు.

"అంత తగ్గాక..." అని పెద్దాయన గొణిగాడు. "వదలబుద్ధి కాలేదు."

అత్తగారు తలెత్తారు. పెద్దాయన్ని ఆపాదమస్తకం చూశారు. ఒకే విద్య నేర్చినవాళ్ళు ఎదురుపడితే ఉండే చూపు అది.

"నీలందాన్ని ఏమని దించారు?" అన్నారు.

"అగ్గిపెట్టె అన్నానమ్మా."

"బాగా అన్నారు."

"మీరు ఎర్రదాన్ని?"

"డబ్బా మూత అన్నాను."

"ఆహా!" అన్నాడు పెద్దాయన, మనస్ఫూర్తిగా.

కార్లు మార్చుకుంటామనేసరికి మేనేజరు గుండె గుభేలుమంది. ఎర్రది అంటగట్టాలని తగ్గించాడు గానీ, నిజంగా ఎర్రదే కావలసినవాళ్ళకి అంత తగ్గించే మనిషి కాదు. నీలందాని సంగతీ అంతే. "అలా కుదరదండీ, మళ్ళీ ధర మాట్లాడుకోవాలి" అన్నాడు.

అత్తగారు ఒక వైపు, పెద్దాయన ఒక వైపు కుర్చీలు లాక్కుని కూర్చున్నారు.

"గంట కొట్టారా లేదా?" అన్నారు అత్తగారు.

"కొట్టాం గానీ..."

"ఆ ధరలకి రెండు కార్లూ అమ్మారా లేదా?" అన్నాడు పెద్దాయన.

"అమ్మాం గానీ..."

"మరి ఎవరు ఏది తోలుకెళ్తే మీకేం నాయనా? కాయితాల మీద పేర్లు అటుదిటు చెయ్యండి. ఇంత తిరకాసు పెట్టినందుకు రెంటికీ కాళ్ళ కింద మ్యాట్లు ఊరికే వెయ్యండి."

మేనేజరు ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. ఆఖరికి నవ్వేశాడు, పాపం మంచివాడు. "ఇన్నేళ్ళ సర్వీసులో మీలాంటివాళ్ళు ఒకరొస్తేనే జ్వరం వచ్చేది. ఇవాళ ఇద్దరొచ్చారు" అని అందరికీ టీ చెప్పి, మ్యాట్లు తెప్పించాడు.

టీ తాగుతూ పెద్దాయన భార్య మొగుడి గొప్పలు చెప్పుకొచ్చింది. "పెళ్ళికి ముందు మా ఇంటికి వచ్చినప్పుడల్లా మా చెల్లెల్నే పొగిడేవారు. నాకు ఏడుపొచ్చేది. తీరా అడిగిందేమో నన్ను! ఈయన సంగతి తెలుసుకోవడానికి నాకు ఇన్నాళ్ళు పట్టింది. ఏం కావాలన్నా ఈయన చూపు దాని పక్కదాని మీదే."

చిన్నల్లుడి టీ కప్పు పెదవుల దాకా వెళ్ళి ఆగింది. అత్తగారి వైపు చూశాడు. ఆవిడ గోడమీది గడియారాన్ని శ్రద్ధగా చూస్తున్నారు.

కారు చేతికొచ్చాక మొదటి డ్యూటీ రోజు చిన్నల్లుడు చీకటి పడకముందే ఇల్లు చేరాడు. నీలం కారు సందులో అద్దాలు మడుచుకుని బుద్ధిగా ఒదిగింది. హారను విని పాప పరుగెత్తుకొచ్చి, నోరు ఇంత తెరిచి కొత్త పన్ను చూపించింది. అతను దాన్ని అటునుంచీ ఇటునుంచీ వంగి చూశాడు. ఎన్నో ఎముకలు చూసినవాడు, అంత అందమైన పన్ను చూడలేదన్నాడు. పాప అతని చెయ్యి వదలకుండా లోపలికి లాక్కెళ్ళింది, పక్కనే కూర్చుని కబుర్లు చెబుతూ అన్నం తిన్నది. గుమ్మంలో నిలబడి భార్య కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

అత్తగారు వచ్చి చిన్నల్లుడికి అడక్కుండానే రెండోసారి వడ్డించారు. వడ్డిస్తూ కిటికీలోంచి ఎక్కడో చూస్తూ అన్నారు.

"మా పెద్దల్లుడు ఎంత మంచివాడనీ! కుటుంబమంటే ప్రాణం పెడతాడు. ఎంతమందిలోనైనా ఉన్నమాట ధైర్యంగా చెప్పేస్తాడు. అలాంటి అల్లుడు దొరకడం మా అదృష్టం."

చిన్నల్లుడు బిగబట్టిన ఊపిరి వదిలి, కంచం ముందుకి జరిపాడు.

"పెద్దల్లుడి గురించి ఇంకొంచెం చెప్పండి, అత్తయ్యగారూ."