శుక్రవారం లైటు

ఆ శుక్రవారం పొద్దున చెంగల్రాయుడు వేసుకున్న పథకం చాలా చిన్నది. స్నానం చేయాలి, నాలుగు ఇడ్లీలు తినాలి, పెరంబూరు నుంచి పురసవాక్కం దాకా పికప్ బండిని మెల్లగా నడుపుకుంటూ వెళ్లి, పదకొండు గంటలకు ఒక పెద్ద బట్టల దుకాణం గోడౌను ముందు నిలపాలి. ఈ మొత్తం వ్యవహారంలో డాష్‌బోర్డు మీద, ఇంజిన్‌లో ఏదో తేడా ఉందని చెప్పే చెక్ ఇంజిన్ లైటు వెలగకూడదు. ఇంత చిన్న కోరిక కోరిన మనిషికి దేవుడు అడ్డుపడడని అతని నమ్మకం.

ఆ దుకాణానికి ఏడాది పొడుగునా సరుకు తోలడానికి బండ్లు కావాలి. ఆ పని దొరికితే చెంగల్రాయుడు ఇక స్టాండులో ఎండకు కూర్చుని, వచ్చేపోయే వాళ్ల మొహాలు చూస్తూ బేరం కోసం ఎదురుచూడనక్కర్లేదు. యాభై నాలుగేళ్ల వయసులో అది అతనికి చిన్న సంగతి కాదు. అయితే అక్కడ బండ్లను పరీక్షించే నివేదిత అనే అమ్మాయి, పోయిన నెలలో ఆ పసుపుపచ్చ లైటు చూసి, సీట్లో కూర్చోకుండానే అతన్ని వెనక్కి పంపింది. బతిమాలితే ఇంకొక్క తేదీ ఇచ్చింది. అదే ఈ శుక్రవారం. మూడో తేదీ అడగవద్దని కూడా చెప్పింది.

చెంగల్రాయుడు పట్టు వదిలే రకం కాదు. నెల రోజులుగా ఆ లైటు వెంటపడ్డాడు. రైల్వే వర్క్‌షాపు పక్క వీధిలో ఉండే మెకానిక్ విక్రమ్, ఇంజిన్‌లోకి గాలి వెళ్లే గొట్టంలోని సెన్సారు తీసి శుభ్రం చేస్తాడు. లైటు ఆరిపోతుంది. వారం తిరిగేసరికి మళ్లీ వెలుగుతుంది. మూడుసార్లయ్యాక విక్రమ్‌కూ రోషం వచ్చింది. "నన్ను ఇట్లా ఆడించిన బండి ఇంకోటి లేదన్నా" అని నిన్న గురువారం నాలుగోసారి శుభ్రం చేసి పంపాడు.

మేడ మీద అద్దెకుండే కిరణ్‌కుమార్‌ది మరో రకం పట్టుదల. విజయవాడ నుంచి వచ్చిన ఈ కుర్రాడు ఐటీ కంపెనీలో సాఫ్ట్‌వేర్లలో తప్పులు వెతికే ఉద్యోగం చేస్తున్నాడు. ఆన్‌లైన్‌లో అగ్గిపెట్టెంత పరికరం తెప్పించి, బండికి తగిలించి, ఫోన్లో చూసి, ఇంజిన్ పీల్చే గాలి లెక్క తప్పుతోందని తేల్చాడు. ఎందుకు తప్పుతోందో తేలలేదు. దాంతో ఎక్సెల్ షీటు తెరిచాడు. వాన పడిందా, ఎండ కాసిందా, డీజిల్ ఎక్కడ కొట్టించారు, ఏ లోడు వేశారు, అన్నీ ఎక్కించాడు. చివరికి ఒక్క సంగతి బయటపడింది.

"ప్రతిసారీ శుక్రవారమే వెలుగుతోందండీ రాయుడుగారూ. ఆ రోజు ప్రత్యేకంగా ఏం చేస్తారు?"

"ఏం చేస్తా నాయినా? ఏమీ లేదు. ఎర్రగడ్డల లోడు వేస్తా, ఇంటికొస్తా. అంతే పా."

"అయితే ఉల్లిపొట్టేనండీ. గాలితోపాటు లోపలికి పోతోంది."

చెంగల్రాయుడు ఉల్లిపాయల బేరం మానుకున్నాడు. తర్వాతి శుక్రవారం ఖాళీ బండిలోనే లైటు వెలిగింది.

నిజానికి శుక్రవారం ఆ ఇంట్లో ఒకటి జరుగుతుంది. పళ్లు తోముకోవడంలాగా ముప్ఫై ఏళ్లుగా జరుగుతున్నది కనుక, ఎవరైనా అడిగితే చెప్పవలసిన పని అని అతనికి తోచలేదు. చెంగల్రాయుడు బండి స్టార్టు చేసి ఇడ్లీ తినడానికి లోపలికి వెళ్తాడు. భార్య గోవిందమ్మ బానెట్ ఎత్తి బండికి సాంబ్రాణి పొగ వేస్తుంది. చెంగల్రాయుడి తండ్రి జట్కా తోలేవాడు. పొగను గుర్రం ముక్కుతో పీల్చాలని, పీలిస్తేనే దిష్టి పోతుందని ఆయన నియమం. కొత్త కోడలిగా గోవిందమ్మ నేర్చుకున్న మొదటి పని అదే. గుర్రం పోయి పాత వ్యాను వచ్చింది. వ్యాను పోయి మొన్నీమధ్యే ఈ పికప్ వచ్చింది. ఇది గాలి పీల్చే గొట్టం ఎక్కడుందో గోవిందమ్మ మొదటి వారమే కనిపెట్టి, ధూపం సరిగ్గా దాని ముందు పెట్టడం మొదలుపెట్టింది.

లైటు మొదటిసారి వెలగగానే ఆమె సాంబ్రాణి రెట్టింపు చేసింది. రెండోసారి వెలిగితే ఆవాలు, ఎండుమిరపకాయలు చేర్చింది. ఈ శుక్రవారం, మగవాళ్లంతా చేతులెత్తేసిన చోట తానే గెలవాలని నిశ్చయించుకుని, పెద్ద మూకుడు నిండా నిప్పులు తెచ్చింది.

ఆ రోజు కిరణ్‌కుమార్ ఇంటి నుంచే పని చేస్తున్నాడు. మీటింగ్ మధ్యలో మిరపకాయల ఘాటు తగిలి నాలుగు తుమ్ములు తుమ్మి, కిటికీలోంచి కిందికి చూశాడు. పొగ లేస్తోంది. కొంచెం పైకి వస్తోంది. మిగిలినదంతా బుద్ధిగా వంగి బండి లోపలికి పోతోంది. కిరణ్‌కుమార్ మీటింగు మరిచిపోయాడు.

"గోవిందమ్మగారూ! ఆపండి! పొగ! ఇంజిన్‌లో పొగ!"

ఎదురింటి ఆరోగ్యమేరి ఆ కేకకు బయటికి వచ్చింది. ఆమెకు కనిపించినవి బానెట్ ఎత్తిన బండి, పొగ, పైనుంచి అరుస్తున్న మనిషి. ఇంకేం కావాలి? వాకిట్లో నిండుగా ఉన్న బిందె ఎత్తుకొచ్చి ఇంజిన్ మీద కుమ్మరించి, రెండో బిందె కోసం పరుగెత్తింది. బండి రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. చెంగల్రాయుడు చేతిలో ఇడ్లీ ముక్కతో బయటికి వచ్చాడు.

"ఏందే ఇది? యాడ కాలింది?"

"యాడా కాల్లా. నేను పొగ వేస్తా ఉండా. పైనుంచి ఈ అబ్బి అరిచె, మేరమ్మ నీళ్లు పోసె."

కిరణ్‌కుమార్ అప్పటికే మెట్లు దిగి వచ్చాడు. బండి తడిసిందన్న బెంగ కంటే తప్పు దొరికిందన్న ఆనందమే అతని మొహంలో ఎక్కువగా ఉంది. "దొరికిందండీ! మీ బండి నెల రోజులుగా సాంబ్రాణి పీలుస్తోంది. ఆ మసే సెన్సారుకి పట్టేస్తోంది!"

"పాత బండి ఇరవై ఏండ్లు పీల్చింది నాయినా" అంది గోవిందమ్మ. "ఒక్కనాడు లైటు వెలగలా."

"దానికి ఆ లైటే లేదు కదే" అన్నాడు చెంగల్రాయుడు.

గోవిందమ్మ మొహం మాడిపోయింది. భర్త మంచి కోసం వేసిన ప్రతి పిడికెడూ ఆయనకే చేటయిందని అర్థమయ్యేసరికి ఆమెకు ఏడుపు ఆగలేదు. "నా చేత్తో నేనే మీ పని చెడగొడితినే" అంది. చెంగల్రాయుడు గట్టిగా కోప్పడదామనుకున్నాడు గానీ నోరు రాలేదు. "ఏడవబాక. ఇంకా రెండు గంటలు ఉండాది" అని విక్రమ్‌కు ఫోను చేశాడు.

విక్రమ్ వచ్చి సంగతి విని, సాంబ్రాణి మూకుడు వైపు ఒక చూపు చూసి, పని మొదలుపెట్టాడు. సెన్సారు ఐదోసారి శుభ్రం చేశాడు. పాపపరిహారంగా ఆరోగ్యమేరి తన కూతురి హెయిర్ డ్రయ్యర్ తెచ్చి ఇస్తే, దాంతో తడిసిన వైర్లన్నీ ఆరబెట్టాడు. కిరణ్‌కుమార్ తన పరికరం తగిలించి, బండిలో నమోదైన పాత తప్పును ఫోన్లోంచి చెరిపేశాడు. పదింబావుకు బండి స్టార్టయింది. అందరూ తలలు లోపలికి దూర్చి చూశారు. లైటు లేదు.

"ఇంక ఈ బండిని ఎవరూ ముట్టుకోవద్దు" అన్నాడు విక్రమ్, ముఖ్యంగా గోవిందమ్మ వైపు చూస్తూ.

చెంగల్రాయుడు ఇంజిన్ ఆపి, చొక్కా మార్చుకుని వచ్చేసరికి గోవిందమ్మ బండిలో కూర్చుని ఉంది. చెడగొట్టింది తాను కనుక, పని అయ్యేదాకా తాను కూడా ఉండాలట. వాదించే సమయం లేదు. దారిలో ప్రతి స్పీడ్ బ్రేకర్ దగ్గరా చెంగల్రాయుడు రోడ్డు కంటే డాష్‌బోర్డునే ఎక్కువ చూశాడు. లైటు వెలగలేదు. పురసవాక్కం సిగ్నల్ దగ్గర అతను నెల రోజుల తర్వాత మొదటిసారి ఈల వేశాడు.

నివేదిత ఫారం అట్టతో వచ్చి, తమిళంలో పలకరించి, గోవిందమ్మ మాట విని తెలుగులోకి దిగింది. టైర్లు చూసింది, బ్రేకు చూసింది. చివరికి సీట్లో కూర్చుని, ఇంజిన్ స్టార్టు చేయకుండా తాళం మాత్రం తిప్పింది. డాష్‌బోర్డు మీద లైట్లు వెలిగాయి. ఆమె కనుబొమలు ముడిపడ్డాయి.

"చెక్ ఇంజిన్ లైటు యాడ సార్?"

"లేదు పాపా! పొయ్యింది!" అన్నాడు చెంగల్రాయుడు గర్వంగా. "దాన్ని ఆర్పేదానికి నెల దినాలు పడింది."

"అట్లా కాదు సార్. తాళం తిప్పితే ఆ లైటు ఒకసారి వెలగాల. స్టార్టు అయినాక ఆరాల. అప్పుడే అది పని చేస్తా ఉండాదని మాకు తెలుస్తాది. ఇది అసలుకే వెలగలా. వైరు కోసేసినారా? చానామంది అదే దా చేస్తారు."

"అయ్యో, లేదమ్మా!"

నివేదిత కలం మూత పెట్టేసింది. చెంగల్రాయుడికి దొంగ అనిపించుకుని వెనక్కి పోవడం కంటే ఆ లైటుతో పోవడమే నయమనిపించింది.

"ఆడనే ఉండాది పాపా" అంది గోవిందమ్మ హీనస్వరంతో. అవతలి సీటులోంచి వంగి, చీర చెంగుతో డాష్‌బోర్డు అద్దం తుడిచింది. చెంగు నల్లగా అయింది. "అందురి కండ్లూ దాని మీదనే కదా. దిష్టి తగలకూడదని కాటుక చుక్క పెట్టినా."

నల్లటి డాష్‌బోర్డు మీద ఆ నల్లటి చుక్క ఎవరికీ కనబడలేదు. తుడిచిన చోట పసుపుపచ్చ లైటు దర్జాగా వెలుగుతోంది. చెంగల్రాయుడికి కొత్త భయం పట్టుకుంది. దారంతా లైటు వెలగలేదా, లేక వెలిగినా చుక్క కింద దాక్కుందా?

నివేదిత తాళం పూర్తిగా తిప్పింది. ఇంజిన్ అందుకుంది. చెంగల్రాయుడు కళ్లు మూసుకున్నాడు.

"ఆరిపొయ్యింది" అంది గోవిందమ్మ. "కండ్లు తెరవండి. సత్తియంగా ఆరిపొయ్యింది."

నివేదిత ఇంజిన్ ఆపి, మళ్లీ తాళం తిప్పి, మళ్లీ స్టార్టు చేసి చూసింది. వెలిగింది, ఆరింది. సోమవారం ఎనిమిదింటికల్లా లోడుకు రమ్మని చెప్పింది. గోవిందమ్మ ఆమె చెయ్యి పట్టుకుని కాసేపు వదల్లేదు.

నివేదిత కలం మూత తీసి, ఫారంలో చెక్ ఇంజిన్ లైటుకు ఎదురుగా ఉన్న గడిలో "బాగా వెలుగుతోంది" అని రాసి బండిని పాసు చేసింది.