మిగిలిన దూరం

కొత్త వంతెన కట్టి తులసీ విహార్ కాలనీని నగరానికి దగ్గర చేసినప్పుడు, రోడ్డు మీద మిగిలిపోయిన దూరాన్ని అక్కడి ఇళ్ళలో సర్దారు. దూరం ఊరికే మాయమయ్యేది కాదు, ఎక్కడో ఒకచోట ఉండవలసిందే కాబట్టి ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. గంటన్నర ప్రయాణం పావుగంటకు తగ్గింది. తక్కిన గంటంబావు దూరం మంచినీటి కుళాయిలాగే ఇంటింటికీ వచ్చింది.

నిబంధన ఒక్కటే. దూరాన్ని ఇద్దరు మనుషుల మధ్య మాత్రమే పెట్టాలి. మనిషికీ బీరువాకీ మధ్య పెడితే చెల్లదు. ఏ ఇద్దరి మధ్య అన్నది ఇంటివాళ్ళ ఇష్టం. గృహప్రవేశం రోజున దూరాల శాఖ నుంచి గంగాధరం గారు వచ్చి అడిగి వెళ్తారు. పక్కింటి రాజ్యలక్ష్మి గారు తనకూ ఆడపడుచుకూ మధ్య పెట్టించుకున్నారు. "ఒకే ఇంట్లో ఉంటున్నాం, పండక్కి చీరలు పెట్టుకుంటున్నాం, మాటా మాటా అనుకోవడం లేదు. ఇంతకంటే ఏం కావాలమ్మా?" అనేవారు.

వంశీధర్, అలేఖ్యల ఇంట్లో ఉన్నది వాళ్ళిద్దరే. కొత్తగా పెళ్ళయినవాళ్ళు. గంగాధరం గారు వచ్చేసరికి పొయ్యి మీద పొంగిన పాలను ఇద్దరూ ఒకే గ్లాసులో పోసుకుని తాగుతున్నారు.

"మా మధ్యే పెట్టేయండి సార్. మాకసలు తెలియనే తెలియదు," అంది అలేఖ్య. వంశీధర్ నవ్వాడు. గంగాధరం గారు కూడా మర్యాదకు నవ్వారు. ఆరు నెలలు ఉండి చూడమని, నచ్చకపోతే ఇద్దరూ పక్కపక్కన నిలబడి వద్దని చెప్పాలని, అప్పుడు ఇద్దరినీ పాత చోటికి పంపించేస్తామని చెప్పి, ప్రసాదం పుచ్చుకుని వెళ్ళారు.

పాత చోటు నగరం నడిబొడ్డున ఒక్క గది. అక్కడ ఒకరు దుప్పటి లాక్కుంటే రెండోవారికి మెలకువ వచ్చేది. కిటికీ తెరిస్తే బస్సు హారన్లు, మూస్తే పక్కవాళ్ళ పోపు ఘాటు. తులసీ విహార్‌లో మల్లెపాదు వేసుకోవడానికి చోటుంది. పొద్దున్నే కోయిల కూస్తుంది. నీళ్ళు రోజూ వస్తాయి. పడక గదిలోంచి వంటింట్లోకి గాలి ధారాళంగా వీస్తుంది, అయితే చేరడానికి కొంచెం సమయం తీసుకుంటుంది.

మొదట్లో అది సరదాగానే ఉండేది. వంటింట్లోంచి చూస్తే సోఫాలో వంశీధర్ బొటనవేలంత కనిపించేవాడు. అలేఖ్య తడి తువ్వాలు ఊపేది. అతను పేపరు ఊపేవాడు. అతను పాడిన పాట, పాడటం ఆపేసి లేచి వెళ్ళాక ఆమెకు వినపడేది. దానికి కూడా ఆమె మురిసిపోయేది. ఫోన్లో మాట్లాడుకోవచ్చు, మాట్లాడుకునేవారు కూడా. కాని ఫోన్లో ఎక్కడున్నా ఒకటే కాబట్టి, కొన్నాళ్ళకు హాల్లో ఉన్నాడో ఆఫీసులో ఉన్నాడో అడగడం మానేసింది.

కష్టమల్లా టీతోనే వచ్చింది. కప్పు పట్టుకుని బయలుదేరితే దారిలోనే మీగడ కట్టేది. ఆమె సగం దూరం వెళ్ళేసరికి వంశీధర్ ఆఫీసుకు వెళ్ళిపోయేవాడు. మూడో మనిషికి ఆ దూరం వర్తించదు గనక, చివరికి రాజ్యలక్ష్మి గారు వచ్చి కప్పు అందుకుని రెండు అడుగుల్లో సోఫా దగ్గర పెట్టి వచ్చేవారు.

"ఏమన్నారు ఆంటీ?"

"ఏమంటాడు? చక్కెర సరిపోయిందన్నాడు. ఇదుగో అమ్మాయ్, ఒక పిల్లో పిల్లాడో పుడితే కాస్త దూరం అటు సర్దుకోవచ్చు. అందరూ చేసే పనే."

"ముందు ఆయన దగ్గరకు చేరాలి కదా ఆంటీ," అంది అలేఖ్య. రాజ్యలక్ష్మి గారు చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు.

గడువు ముగిసే రోజు ఆదివారం వచ్చింది. వద్దని చెప్పేద్దామని అలేఖ్య నిశ్చయించుకుంది. ఆ మాట వంశీధర్‌కు ఫోన్లో చెబితే ఎలాగో ఉంటుందని, ఎదురుగానే చెబుదామని, పెరుగన్నం డబ్బాలో పెట్టుకుని పొద్దున్నే హాలు వైపు బయలుదేరింది. అటునుంచి వంశీధర్ కూడా బయలుదేరాడు. ఇద్దరూ భోజనాల బల్ల దగ్గర కలుసుకుని చేతులు పట్టుకున్నారు. చేతులు పట్టుకుని ఉన్నంతసేపూ దూరం పనిచేయదు.

అలేఖ్య అతని ముఖం వైపు చూసింది. "కళ్ళజోడు ఎప్పుడొచ్చిందండీ?"

"పోయిన నెల. ఆంటీతో చెప్పి పంపించానే."

"చెప్పలేదు. బాగుంది."

"నీకు మల్లెలు పూశాయటగా?"

"ఎప్పుడో పూశాయి."

ఇంకా ఏదో అనబోతుండగా తలుపు తట్టారు. ఇద్దరూ చెయ్యి వదలకుండానే వెళ్ళి తీశారు. గంగాధరం గారు లోపలికి రాకుండా గుమ్మంలోనే నిలబడ్డారు. ఆదివారం చాలా ఇళ్ళు తిరగాలి.

"ఎలా ఉందండీ ఇక్కడ? లాభాలేమిటి, ఇబ్బందులేమిటి?"

"తనకు మల్లెపాదంటే ప్రాణం సార్," అన్నాడు వంశీధర్. "అక్కడ కుండీ పెట్టుకోవడానికి కూడా చోటు లేదు."

"ఈయనకు ఇక్కడ బాగా నిద్ర పడుతుందండి. హారన్లు ఉండవుగా," అంది అలేఖ్య. ఆ సంగతి కూడా ఆమెకు రాజ్యలక్ష్మి గారే చెప్పారు.

"ఇబ్బందులు?"

వంశీధర్ అలేఖ్య వైపు చూశాడు. "నీ ఇష్టం," అన్నాడు.

"నాదేముంది, మీ ఇష్టం," అంది అలేఖ్య.

"నాకెక్కడైనా ఒకటే. నువ్వు చెప్పు."

"మీరు సుఖంగా ఉంటే చాలు."

ఈ మాటలు గంగాధరం గారు ప్రతి ఇంటి దగ్గరా వింటున్నవే. "అయితే ఖాయం చేస్తున్నాను. సంతోషం. నమస్కారం," అని చేతులు జోడించారు.

పెద్దవాళ్ళు నమస్కారం పెడితే తిరిగి పెట్టకపోవడం పద్ధతి కాదు. ఒంటిచేత్తో పెట్టడం మరీ తప్పు. వంశీధర్, అలేఖ్య ఇద్దరూ రెండు చేతులూ జోడించారు. గంగాధరం గారు గేటు వేసి వెళ్ళేసరికి అలేఖ్య గుమ్మంలో ఉంది. వంశీధర్ చాలా దూరంలో బొటనవేలంత ఉన్నాడు. పెరుగన్నం డబ్బా ఆమె చంకలోనే ఉండిపోయింది.

ఆ మరుసటి వారం వంతెనను పొడిగిస్తున్నారని తెలిసింది. నగరం ఇంకో ఐదు నిమిషాలు దగ్గరవుతుందట. కాలనీ సంఘం వాళ్ళు ఇంటింటికీ లడ్డూలు పంచారు. కొత్తగా మిగలబోయే దూరం కూడా ముందు పెట్టిన చోటే పెడతారు గనక, ఈసారి ఎవరూ అడగడానికి రాలేదు.

అలేఖ్య తన లడ్డూను సగం విరిచి, వంశీధర్‌కు ఇమ్మని రాజ్యలక్ష్మి గారికి ఇచ్చింది. ఆవిడ రెండు అడుగుల్లో వెళ్ళి వచ్చేశారు.

"తిన్నారా ఆంటీ?"

"తిన్నాడమ్మా."

"ఏమన్నారు?"

"ఎవరు పంపించారని అడిగాడు."

అలేఖ్య మిగతా సగం నోట్లో వేసుకుంది. జీడిపప్పు తగిలింది. బాగుంది.