ప్లగ్గు పీకితే ఆరిన మంట

ఇటు దగ్గరికి జరగండి, గోడకు ఆనుకుని కూర్చోండి. ఒక కోడలు ఉత్త బల్బుతో ఇంటికి నిప్పు పెట్టిన వైనం చెబుతాను.

ఆ కోడలికి సినిమాల్లో లైట్లు పెట్టే పని నేర్చుకోవాలని పిచ్చి. ఇంట్లోనే చిన్న చిన్న సినిమాలు తీస్తూ, దుప్పటి అడ్డం పెట్టి వెన్నెలను, అద్దం తిప్పి పొద్దుపొడుపును పుట్టించేది. అవి చూసి, ఆమె పని అడిగిన లైటింగ్ మాస్టారు ఒకటే అన్నారు. "వెన్నెల బాగుందమ్మా. మంట మాత్రం మంటలా లేదు, బల్బులా ఉంది. సాయంత్రంలోగా నేను నమ్మేలా తీసి పంపు. లేదంటే ఆ పనికి ఇంకొకరిని పెట్టుకుంటా."

అందుకని ఆ ఉదయం వంట తొందరగా ముగించి, కిటికీకి దుప్పటి కట్టి ముందుగదిని చీకటి చేసింది. బల్బు ముందు నారింజ రంగు గుడ్డ వేలాడదీసింది. దాని ముందు అత్తగారు పేలికలు కట్టిన కర్రను ఆడించాలి. అప్పుడు గోడ మీద వెలుగు నాలుకలు చాస్తుంది. మంటల్లో చిక్కుకున్న మనిషి మామగారు. ఫోను అలమారా మీద కూర్చుని అంతా చూస్తోంది.

"మీరు దగ్గితే చాలు మామయ్యా, మాటలొద్దు," అంది కోడలు.

"మాటల్లేకపోతే నేనెందుకమ్మా, ఓ దిండు పెట్టుకో," అన్నారాయన.

కర్ర ఆడిందో లేదో ఆయనకు పూనకం వచ్చింది. "కాలిపోతున్నాను, కాపాడండి" అని వీధి చివరిదాకా వినబడేలా అరిచారు. ఎదురింటి దర్జీ తలెత్తి చూస్తే దుప్పటి సందులో మంట. అతను ఫైరింజనుకు ఫోను చేసి, నీళ్ళ బకెట్టుతో వచ్చి తలుపు బాదాడు.

అత్తగారు కర్రతోనే వెళ్ళి తలుపు తీసింది. "ఎక్కడ నాయనా మంట?"

"మీ ఇంట్లోనే పిన్నిగారూ."

అంతసేపూ ఆ మంటను తన చేత్తో ఆడించిన మనిషి గుండెలు బాదుకుంటూ లోపలికి ఉరికింది. "అమ్మాయ్, మన ఇల్లు తగలబడుతోందట. ఆ సినిమా ఆపి బయటికి రా."

దర్జీ బకెట్టును మామగారి నెత్తిన బోర్లించాడు. కోడలు గబుక్కున ప్లగ్గు పీకింది. మంట ఆరిపోయింది. అప్పటికే ఫైరింజను వాకిట్లో ఆగింది, దాని అధికారి లోపలికొచ్చాడు.

"మంటేదీ?"

"ప్లగ్గు పీకానండీ."

"ప్లగ్గు పీకితే ఆరే మంట నా సర్వీసులో చూడలేదు. వేళాకోళమా? కేసు రాయమంటావా?"

కోడలు ప్లగ్గు చేతిలోకి తీసుకుంది. "ఒక్కసారి చూడండి సార్," అని ప్లగ్గు పెట్టింది. అత్తగారు కర్ర ఆడించింది. అధికారి రెండడుగులు వెనక్కి వేశాడు. బయట గొట్టం పట్టుకున్నవాడు కిటికీలో మంట చూశాడు, ఇంకెవరినీ అడగకుండా నీళ్ళు వదిలాడు. దుప్పటి ఎగిరిపోయింది, బల్బు టప్పుమంది, గదిలో పొడిగా ఉన్నవాళ్ళు ఎవరూ మిగల్లేదు.

అధికారి మీసం పిండుకున్నాడు. "మంటలార్పీ ఆర్పీ తల నెరిసినవాడమ్మా ఆ గొట్టంవాడు. వాణ్నే బోల్తా కొట్టించావు. ఇంక కేసేం రాస్తాను, నీ బల్బు చల్లగుండ."

అలమారా మీద ఫోనుకు చుక్క కూడా తగల్లేదు. అందులో పడిందంతా కోడలు అలాగే పంపేసింది, సాయంత్రం మాస్టారి పిలుపు వచ్చింది. "మంట నమ్మానమ్మా, రేపే పనిలోకి రా. ఆ గొట్టంవాళ్ళు కూడా సహజంగా చేశారు. కాపాడండి అన్న పెద్దాయనే కాస్త అతి."

ఇది మరిచిపోకుండా మీరూ నలుగురికీ చెప్పండి. మాస్టారి ఆఖరి మాట మాత్రం మామగారి చెవిన వెయ్యకండి, ఆయన రెండో సినిమాకు గొంతు సవరించుకుంటున్నారు.