బాబా గారి ఊదుగొట్టం

ఆ గురువారం ఉదయం చిన్నపుల్లయ్య పెట్టుకున్న పని ఒక్కటే: టీ తాగి, బాబా తుపాకులకు నూనె రాయడం. జాబ్రియా పేటలోని ఆ అరబ్బు ఇంటి యజమానిని పనివాళ్లు బాబా అంటారు. ఆయనకు వేటకన్నా వేట సామాను మీద మోజెక్కువ. ఒక తుపాకీ కొన్నాడంటే దానికో తోలు పటకా, నున్నటి చెక్క పిడి, పిడిమీద వెండి పువ్వులు, పైన దుర్భిణి. పెళ్లికూతురికి కూడా అంత సింగారం చేయరు. తూటాలు మాత్రం ఎక్కడో ఊరవతల కబ్ద్‌లో ఉన్న తోటలో ఉండేవి. వేసవికి భార్యాపిల్లలతో కైరో వెళుతూ, "దేనిమీదైనా ఒక్క గీత కనిపించిందా, ఖలాస్! మర్నాడే నీకు బొంబాయి విమానం," అని చెప్పి మరీ వెళ్లాడు.

ఆయన అటు వెళ్లాడు, ఇటు ఇరాక్ సైన్యం ఊళ్లో దిగింది. పనివాళ్ల పాస్‌పోర్టులు ఎక్కడ దాచాడో ఆయనకే తెలుసు కనుక, చిన్నపుల్లయ్య, వంటమనిషి సుబ్బాయమ్మ ఇంటిని కాపలా కాస్తూ ఉండిపోయారు. చలికాలం వచ్చింది. వంటగ్యాసు అయిపోయి సుబ్బాయమ్మ పెరట్లో కట్టెల పొయ్యి పెట్టింది. చిన్నపుల్లయ్య మాత్రం ఒక్క గురువారం తప్పలేదు.

ఆ గురువారం కూడా నూనె సీసా మూత తీశాడో లేదో సుబ్బాయమ్మ రొప్పుతూ వచ్చింది. "తమ్ముడూ, పక్క వీధిలో సోల్జర్లు ఇల్లిల్లూ ఎతుకుతున్నారంట! తుపాకీ దొరికినోణ్ణి దొరికినట్టే లాక్కెళిపోతన్నారంట!"

"సచ్చినాం పో అక్కా! ఇన్ని తుపాకులు యాడ పెట్టేది?"

"ఏడుపు తర్వాత ఏడుద్దువుగాని, ముందు ఇప్పు. ముక్కలుగా ఉంటే అది తుపాకీ అని ఎవడికి తెలుత్తాది?"

ఇప్పడంలో చిన్నపుల్లయ్యను మించినవాడు లేడు. పొడుగాటి గొట్టాలు కిటికీలకెక్కి కర్టెన్లు మోశాయి. పిడులు కట్టెల మోపులో కలిసిపోయాయి. మరలు, దుర్భిణులు బియ్యం బస్తాలోకి దిగాయి. హమ్మయ్య అనుకుని వెనక్కి తిరిగితే, గోడకున్న అద్దాల బీరువా నోరు తెరుచుకుని కనిపించింది. ఆకుపచ్చ మఖమల్ గుడ్డమీద తుపాకులు ఆనిన గుంటలు ఒక్కొక్కటీ తుపాకీ ఆకారంలోనే ఉన్నాయి. సుబ్బాయమ్మ వంటింట్లోకి పరుగెత్తి చేతికందిన గరిటెలు, అట్లకాడ, కవ్వం తెచ్చి ఆ గుంటల్లో పేర్చింది.

గేటు దడదడలాడింది. కెప్టెన్, వెనక నలుగురు జవాన్లు. కెప్టెన్ తిన్నగా బీరువా దగ్గరికే వెళ్లాడు.

"ఏమిటివి?"

"గరిటెలు సార్. మా బాబాకు గరిటెలంటే పానం," అన్నాడు చిన్నపుల్లయ్య వచ్చీరాని అరబ్బీలో.

కెప్టెన్ చాలాసేపు చూశాడు. ఆయన ఇంట్లోనూ అటువంటి పిచ్చి ఏదో ఉన్నట్టుంది, కళ్లు మెత్తబడ్డాయి. "మా నాన్న చేతికర్రలు పోగుచేస్తాడు," అన్నాడు. కవ్వం తీసి అరచేతుల మధ్య తిప్పాడు. "ఇదెక్కడిది?"

"రాజోలండి," అంది సుబ్బాయమ్మ గర్వంగా.

జవాన్లు టీవీ, ఫ్రిజ్ మోసుకుపోతుంటే, కెప్టెన్ టీ అడిగి పెరట్లో పొయ్యి పక్కన కూర్చున్నాడు. మంట ఆరి పొగ కమ్ముకుంది. సుబ్బాయమ్మ చక్కెర కోసం లోపలికి వెళ్లింది. కెప్టెన్ విసుక్కుంటూ పొయ్యి పక్కనున్న ఊదుగొట్టం అందుకుని, బుగ్గలు పొంగించి ఊదాడు.

అప్పుడు చూశాడు చిన్నపుల్లయ్య ఆ గొట్టాన్ని. అది బాబా ప్రాణంగా చూసుకునే ఇంగ్లండు తుపాకీ గొట్టం. తన ఊదుగొట్టం పగిలిందని సుబ్బాయమ్మ విప్పిన గొట్టాల్లోంచి ఒకటి పొయ్యి దగ్గరికి తెచ్చుకుంది!

కెప్టెన్ కళ్లు తుడుచుకుంటూ, "బాగా బరువుంది," అన్నాడు.

"ఇంగ్లీషోళ్ల సరుకు సార్!" వచ్చినవాళ్లకల్లా గొప్పగా చెప్పే అలవాటు కొద్దీ నోరు జారాడు చిన్నపుల్లయ్య.

"వాళ్ల ఇనుము మంచిదే," అని కెప్టెన్ మళ్లీ ఊదాడు. మంట చాలక మోపులోకి చెయ్యి పెట్టి ఒక కట్టె లాగాడు. దాని చివర వెండి పువ్వు తళుక్కుమంది.

"అది పచ్చికట్టె బాబూ, పొగొత్తాది!" సుబ్బాయమ్మ వస్తూనే దాన్ని లాక్కుని చక్కెర గ్లాసు ఆయన చేతిలో పెట్టింది.

కెప్టెన్ టీ తాగి లేచాడు. వెళుతూ వెళుతూ కవ్వం చంకన పెట్టుకుపోయాడు.

సైన్యం పోయి, వేసవి మొదట్లో బాబా తిరిగొచ్చాడు. ఇంట్లో మిగిలింది గోడలూ కర్టెన్లే. చిన్నపుల్లయ్య తుపాకులన్నీ బిగించి బీరువాలో పెట్టాడు. ఒక్కదాని మూతి మాత్రం ఎంత తోమినా నలుపు వదల్లేదు, చలికాలమంతా సుబ్బాయమ్మ దాన్ని వదల్లేదు మరి. చిన్నపుల్లయ్య బొంబాయి విమానానికని బట్టల సంచి సర్దుకుని పక్కనే నిలబడ్డాడు.

బాబా ఆ మూతి తడిమి వేలు చూసుకున్నాడు. "ఎవరు చేశారిది?"

చిన్నపుల్లయ్య జరిగిందంతా చెప్పాడు.

"కెప్టెనే ఊదాడా? తన నోటితో?"

"రెండుసార్లు బాబా."

బాబా ఆ గొట్టాన్ని గుండెకు హత్తుకుని కళ్లవెంట నీళ్లు కారేదాకా నవ్వాడు. చిన్నపుల్లయ్యకూ ఏడుపొచ్చింది, బతికిపోయానన్న ఏడుపు. ఆ రోజునుంచి ఆ తుపాకీ బీరువా నడిమధ్యకు చేరింది. వచ్చిన ప్రతి అతిథికీ బాబా మొదట చూపించేది దాన్నే.

గ్యాసు మళ్లీ వచ్చింది. అయినా ప్రతి గురువారం సుబ్బాయమ్మ పెరట్లో కట్టెల పొయ్యి వెలిగిస్తుంది; చిన్నపుల్లయ్య మిగతా తుపాకులకు నూనె రాసి, దీనికి మాత్రం బాబా హుకుం ప్రకారం ఇంత తాజా మసి పూస్తాడు.