పల్చటి ఆయిల్

ఆ శుక్రవారం పొద్దున నుస్రత్ అనుకున్న పనులు మూడే. అమన్‌కు పాలు పట్టి పడుకోబెట్టాలి, పప్పు పొయ్యి మీద పడేయాలి, భర్త కేకేసినప్పుడు షెడ్డులోకి వెళ్లి కారు ఇంజన్లో ఆయిల్ పోసి రావాలి. గుణదలలో వాళ్లింటి ముందున్న రేకుల పాకే భర్త ఖయ్యూమ్ మెకానిక్ షెడ్డు. మనిషిని పెట్టుకునే స్తోమత లేదు కాబట్టి, అతను బండి కింద దూరితే పైనుంచి ఆయిల్ పోసే పని ఆమెదే. తొమ్మిదో తరగతిలో చదువు మాన్పించాక ఆమె నేర్చిన విద్య అదొక్కటే, చుక్క ఒలక్కుండా పోయడం.

కాకపోతే ఈసారి షెడ్డులో ఉన్నది లారీ కాదు. కంకిపాడు దగ్గర రొయ్యల చెరువులున్న హేమసుందర్ గారి జర్మనీ కారు. కాలు అదిమితే వీపు సీటుకు అతుక్కుపోయే రకం. ఈ ఒక్కటి సరిగ్గా చేసి చూపిస్తే తన బళ్లన్నీ ఖయ్యూమ్‌కే అప్పగిస్తానన్నాడాయన. లేదంటే కువైట్‌లో డ్రైవరు పని. ఏజెంటు రోజూ ఫోన్ చేస్తున్నాడు. అమన్‌కు ఇంకా నడక రాలేదు. ఇప్పుడు విమానం ఎక్కిన తండ్రి మళ్లీ వచ్చేసరికి వాడు తలుపు చాటున నిలబడి ‘ఈ అంకుల్ ఎవరు’ అంటాడని నుస్రత్ భయం. ఆమెకు భయాలకు కొదవ లేదు గానీ, మిగతావి నిద్రపోనిస్తాయి.

ఖయ్యూమ్ ఫిల్టరు కోసం ఆటోనగర్ వెళ్లాడు. కారుతో వచ్చిన పుస్తకం చూసి, కొట్లన్నీ తిరిగి తెచ్చిన ఆయిల్ డబ్బా ఇంట్లోనే ఉంది. దాన్ని షెడ్డులో పెడదామని నుస్రత్ ఎత్తబోతే, వదులుగా ఉన్న మూత పక్కనుంచి ఆయిల్ కారి వేళ్లకు అంటింది. అంటిందన్న మాటే గానీ వెంటనే జారిపోయింది.

"అత్తమ్మా, ఇటు రండి. ఇది నీళ్లలాగుందేంటి?"

ఆమినాబీ జపమాల పక్కన పెట్టి వచ్చింది. ఆమె భర్త కరిముల్లా బతికున్నన్నాళ్లూ లారీలు బాగుచేశాడు. ఆయిల్‌ను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రుద్ది మంచిచెడ్డలు చెప్పేవాడు. భర్త పోయాక ఆ అధికారం ఆమెకు దఖలు పడింది.

"మీ మామ చూపించే ఆయిల్ వేళ్లు విడదీస్తే తీగ సాగేది. ఇది కల్తీ మాలు. నా కొడుక్కి రంగునీళ్లు అంటగట్టారు."

"బాగా రేటంట అత్తమ్మా."

"రేటు డబ్బాకి బేటీ. లోపల ఎవడు చూడొచ్చాడు?"

నుస్రత్ ఫోన్ చేసింది. ఖయ్యూమ్ బండి మీద ఉన్నట్టున్నాడు, ఎత్తలేదు. మళ్లీ చేయబోతే ఆమినాబీ ఫోన్ లాక్కుంది.

"చెప్పావనుకో, వాడు తిన్నగా వెళ్లి కొట్టువాడి కాలర్ పట్టుకుంటాడు. పోయినసారి నకిలీ బ్రేకుల గొడవలో స్టేషన్లో కూర్చోబెట్టారు, మర్చిపోయావా? మన డ్రమ్ములో లారీ ఆయిలుందిగా, తేనెలాగుంటది. అది ఈ డబ్బాలో పోసి ఊరుకో. రేపు ఆ కారు ఆగిపోతే నువ్వొక్కదానివే పెంచుకోవాలి పిల్లాణ్ణి."

ఆ చివరి మాట పనిచేసింది. పల్చటి ఆయిల్ బిందెలోకి వెళ్లింది, లారీ ఆయిల్ డబ్బాలోకి వచ్చింది. బిందె ఎక్కడ దాచాలా అని చూస్తుంటే, పక్కింట్లో బట్టలు కుట్టే తెరేసమ్మ గోడ మీదుగా తొంగిచూసి, "పారబోస్తారా ఏంటి పిన్నీ, మా మిషన్‌కి పనికొస్తది" అని పట్టుకుపోయింది.

ఖయ్యూమ్ వచ్చాడు, కారు కింద దూరాడు, పాత ఆయిల్ దించి ఫిల్టరు మార్చి, నట్టు బిగించి, "ఊఁ, పోసెయ్" అన్నాడు. నుస్రత్ పోసింది. ఎంతకీ దిగదే.

"ఏంటి ఇంతసేపు?" అన్నాడు కింద నుంచి.

"ఒలక్కుండా పోస్తున్నానండీ."

అతను స్నానం చేసి, జుమ్మా నమాజుకు వెళ్లొచ్చి కంచం ముందు కూర్చున్నాడు. చాలా రోజుల తర్వాత మొహంలో వెలుగు కనిపించింది.

"ఈ ఇంజను సంగతి తెలుసా అమ్మీ? లోపల సందులు వెంట్రుక పట్టనంత సన్నం. అందుకే దానికి నీళ్లలాంటి ఆయిల్ పొయ్యాలి. తాళం తిప్పగానే పైదాకా ఎక్కెయ్యాలి. అదే మన లారీ ఆయిల్ పోశామనుకో, అది తాపీగా ఎక్కేలోపు ఇనుము ఇనుముని తినేస్తది."

ఆమినాబీకి ఉన్నట్టుండి పప్పులో రాయి వెతకాల్సిన పని పడింది. నుస్రత్ కలిపిన ముద్ద కంచంలోనే వదిలేసింది.

"స్టార్ట్ చేశారా?"

"తిన్నాక చేస్తా."

"చెయ్యకండి" అని ఆమె మొత్తం చెప్పేసింది. ఖయ్యూమ్ తిట్టలేదు. అదే ఆమెను ఎక్కువ భయపెట్టింది. చెయ్యి కడుక్కుని, "ఆ బిందె ఎక్కడ?" అన్నాడు.

తెరేసమ్మ సంబరంగా ఎదురొచ్చింది. "ఏం ఆయిల్ తమ్ముడూ, మిషన్ పాట పాడుతోంది. పుల్లయ్య తోపుడుబండికి ఇచ్చా, సందులో గేట్లన్నిటికీ పట్టించా. ఇదిగో, ఇది మిగిలింది." బిందె అడుగున కాస్త ఆయిల్, అందులో ఎర్ర దారం, ఒక చీమ.

నుస్రత్ లోపలికి వెళ్లి అమన్ బడి కోసమని బియ్యం డబ్బాలో దాచిన డబ్బు తెచ్చి అతని చేతిలో పెట్టింది. ఖయ్యూమ్ మళ్లీ ఆటోనగర్ పరుగెత్తాడు. ఇంకో డబ్బా వచ్చింది. లారీ ఆయిల్‌ను ట్రేలోకి దించి, కొత్తది పోసి, తాళం తిప్పాడు. ఇంజను పిల్లికూనలా మెత్తగా గురక పెట్టింది. ఆ చప్పుడు వింటూ అతను కళ్లు మూసుకున్నాడు. సరిగ్గా అప్పుడే గుమ్మం ముందు ఆటో ఆగి హేమసుందర్ గారు దిగాడు.

ఆయన ఇంజను ఆపించాడు. ఆయిల్ మట్టం చూసే కొలపుల్ల బయటికి లాగి, కొసనున్న ఆయిల్‌ను వేళ్ల మధ్య రుద్దాడు. అచ్చం కరిముల్లా రుద్దినట్టే.

"ఏంటయ్యా, నీళ్లు పోశావా?"

"పుస్తకంలో ఇదే రాసుందండీ."

"పుస్తకం వాళ్ల దేశంలో చలికి రాసుకున్నారయ్యా. ఇది బెజవాడ." ఆయన చూపు ట్రే మీద పడింది. వంగి అందులో వేలు ముంచాడు. తీగ సాగింది. "ఇదెక్కడిది?"

"దీంట్లోంచి దించిందేనండీ."

"నా బండిలోంచా? బంగారం లాంటి ఆయిల్ లాగేసి నీళ్లు పోసి పంపుదామనా? ఉండు, ఎస్సైకి ఫోన్ చేస్తా."

సందులో జనం పోగయ్యారు. గేట్లు ఏవీ కిర్రుమనలేదు కాబట్టి వాళ్లు ఎప్పుడొచ్చారో కూడా తెలియలేదు. నుస్రత్ పిల్లాణ్ణి చంకనేసుకుని ముందుకొచ్చింది.

"ఆయన తప్పేం లేదండీ. ఆ చిక్కటిది నేనే పోశాను. పల్చటిది చూసి కల్తీ అనుకున్నాను. తెలియక చేశానండీ, ఆయన తీసేసి సరైంది పోశారు."

హేమసుందర్ గారు ఫోన్ దించాడు. ఆమెను పైనుంచి కిందికి చూశాడు.

"విన్నావటయ్యా? ఇంట్లో ఆడకూతురికున్న ఇంగితం నీకు లేకపోయింది. మా చెరువుల దగ్గర జనరేటర్లకి ఇలాంటిదే పోస్తా, ఏళ్ల తరబడి తిరుగుతున్నాయి. ఆ నీళ్లు దించెయ్. అమ్మాయి పోసిందే మళ్లీ పోయించు. బళ్లన్నీ రేపే పంపిస్తా, ఆయిల్ దగ్గరికి మాత్రం నువ్వు వెళ్లకు."

"ఇంజను పోద్దండీ" అన్నాడు ఖయ్యూమ్ గొంతు తగ్గించి.

"పోతే నాది పోద్ది. నీకు బళ్లు కావాలా, వద్దా?"

కిటికీలోంచి ఆమినాబీ, "నేను పొద్దున్నే చెప్పానుగా" అంది, ఎవరితోనని కాకుండా.

ఖయ్యూమ్ భార్య వైపు చూశాడు. చిక్కటి ఆయిల్ ఆ ఇంజనును ఏం చేస్తుందో పొద్దున ఆమెకు తెలియదు. ఇప్పుడు తెలుసు. ఆమె అమన్‌ను తెరేసమ్మకు అందించి, గరాటు చేతిలోకి తీసుకుంది. ఖయ్యూమ్ కారు కింద దూరాడు.

సాయంత్రం కారు గన్నవరం వైపు దూసుకుపోయింది. మర్నాడు వ్యాన్లు వచ్చాయి, షెడ్డు నిండింది. ఏలూరు రోడ్డు మీద ఏ కారు రయ్యిమన్నా నుస్రత్ చేస్తున్న పని ఆపి, ఆ చప్పుడు దూరమయ్యేదాకా చెవి ఒగ్గి వింటుంది. కువైట్ ఏజెంటుకు ఖయ్యూమ్ రానని చెప్పలేదు, ఆ కారు ఇంజను నడిచినన్నాళ్లు ఆగమన్నాడు.