కప్పలక్క కట్టిన తెర

ఆ సోమవారం ఉదయం కప్పలక్క వేసుకున్న పథకం చాలా చిన్నది. అందరికంటే ముందు జంతు ప్రదర్శనశాలకు చేరాలి, కప్పల పెట్టెలోంచి గుడ్డ తీసేయాలి, ఆ తర్వాత ఏమీ ఎరగనట్టు చీపురు పట్టుకుని నిలబడాలి. ఇంత తేలికైన పని చెడిపోవడానికి అవకాశమే లేదని ఆమె బస్సులో కిటికీ పక్కన కూర్చుని ధీమాగా అనుకుంది. మనిషి అలా అనుకున్న రోజే కదా మరి అన్నీ చెడేది.

ఆమెకు తల్లిదండ్రులు పెట్టిన పేరొకటి ఉండేది. కప్పల గదిలో పనికి కుదిరిన ఏడాదికే అందరూ దాన్ని మర్చిపోయారు. కోపం వచ్చినప్పుడు మొగుడు కూడా "కప్పలక్కా" అనే పిలుస్తాడు, ఆ తర్వాత నాలుక కరుచుకుంటాడు.

గుడ్డ సంగతేమిటంటే, కొత్త డైరెక్టరుగారికి తెలుపంటే ప్రాణం. వచ్చీ రాగానే భవనమంతా తెల్ల సున్నం కొట్టించాడు. కప్పల పెట్టెకు కూడా వెనకా, పక్కలా, అడుగునా తెల్ల పలకలు వేయించాడు. ఆ తర్వాతే ఆరు చెట్టుకప్పలు వచ్చాయి. వచ్చిన రోజు నుంచీ అవి పాలిపోయి, పిండిముద్దల్లా అద్దానికి అతుక్కుని కూర్చునేవి. మనిషి నీడ పడితే చాలు, ఎగిరి అద్దానికి మూతులు కొట్టుకునేవి. కీచురాళ్ళను వేస్తే వాటి వంక కన్నెత్తి చూసేవి కావు.

"సార్, వాటికి భయంగా ఉంది. నలుగురూ తిరిగే గదిలో మనల్ని గుడ్డల్లేకుండా నిలబెడితే ఎలా ఉంటుంది? ఆ తెలుపులో వాటికి అలాగే ఉంది. ముదురు రంగు వేయిద్దాం సార్" అని ఆమె ఎన్నోసార్లు బతిమాలింది.

"ముదురు రంగేస్తే కనపడవు. చూడ్డానికి వచ్చినవాళ్ళు ఏం చూస్తారు, గోడనా?" అన్నాడాయన.

చివరికి ఆయన ఒక మాట తేల్చేశాడు. సోమవారం పశువుల డాక్టరమ్మ తనిఖీకి వస్తుంది. అప్పటికీ కప్పలు తిండి ముట్టకపోతే గది మూసేసి, వాటిని ఎక్కడో దూరాన ఉన్న మరో ప్రదర్శనశాలకు పంపించేస్తారు. కప్పలక్కకు టిక్కెట్ల కిటికీలో కుర్చీ వేస్తారు. కుర్చీ గురించి ఆమెకు దిగులు లేదు. ఎముకలు తేలిన ఆ ఆరు ప్రాణాలు అంత ప్రయాణం తట్టుకోలేవని ఆమెకు తెలుసు. అదే ఆమెకు కంటిమీద కునుకు లేకుండా చేసింది.

ఆమె మొగుడు దర్జీ. పెళ్ళాం కళ్ళు గుంటలు పడటం చూసి, కుట్టించుకుని తీసుకెళ్ళడం మర్చిపోయినవాళ్ళ మట్టిరంగు ప్యాంట్లు విప్పి, ముక్కలు కలిపి, పెట్టెకు సరిపడా తెర కుట్టిచ్చాడు. సబ్బు తగలకుండా ఉత్త నీళ్ళలో రంగు దిగడం మానేదాకా ఉతికాడు కూడా. శనివారం సాయంత్రం అందరూ వెళ్ళాక ఆమె దాన్ని పెట్టె లోపల మూడు వైపులా, అడుగునా పరిచి, కీచురాళ్ళను వదిలి, మూత పెట్టి ఇంటికి వచ్చేసింది. ఆదివారం సెలవు. ఒక్క రోజైనా ఆ ప్రాణాలకు కాస్త చాటు దొరుకుతుందని ఆమె ఆశ.

సోమవారం వచ్చి చూస్తే పెట్టె ఖాళీ!

కప్పలక్క అద్దానికి ముక్కు ఆనించి ఈ మూల నుంచి ఆ మూలకు చూసింది. ఒక్క పిండిముద్దా లేదు. తలెత్తి చూస్తే, తెర అంచు మందంగా కుట్టడం వల్ల మూత సరిగ్గా కూర్చోలేదు. ఓ పక్క వేలు దూరేంత సందుంది. పైగా కీచురాళ్ళు కూడా లేవు. కప్పలు పోతూ పోతూ దారి బత్తెం కూడా కట్టుకుపోయాయన్నమాట.

మొగుడికి ఫోన్ చేసింది.

"ఏమండీ, కొంప మునిగింది. కప్పలు పారిపోయాయి."

"ఎన్ని?"

"ఆరూ!"

"ఓస్, అంతేనా! కప్పలకేం కరువే?" అని అతను ఫోన్ పెట్టేశాడు. ఆ మాటలో ధైర్యం కన్నా ప్రమాదమే ఎక్కువుందని ఆమెకు అప్పుడు తట్టలేదు.

ఆమె టార్చి పట్టుకుని నడవలో మోకాళ్ళ మీద పాకడం మొదలుపెట్టింది. బీరువాల కిందా, కుండీల వెనకా వెతుక్కుంటూ పాముల గదిలోకి వెళ్ళి, కొండచిలువ పెట్టె కింద బోర్లా పడుకుని టార్చి వేస్తుండగా వాచ్‌మన్ వచ్చాడు.

"ఏంటక్కా, ఏం వెతుకుతున్నావు?"

"ఏం లేదు తమ్ముడూ. పిన్నీసు పడిపోయింది."

పిన్నీసు కోసం ఏ ఆడదీ ఇలా చెమటలు కక్కదని వాచ్‌మన్‌కు తెలుసు, అతనికీ పెళ్ళయింది. తలెత్తి కొండచిలువ పెట్టెలోకి చూశాడు. లోపల దుంగ తప్ప ఏమీ కనిపించలేదు. అతను పరుగు అనిపించని పరుగుతో డైరెక్టరుగారి గదికి వెళ్ళాడు.

"సార్! కొండచిలువ కనపడటం లేదు. అక్క వెతుకుతోంది."

డైరెక్టరుగారు అప్పుడే కుర్చీలో కూర్చున్నాడు. ఆ మాట చెవిన పడ్డాక కుర్చీలో లేడు, బల్ల మీద ఉన్నాడు. అక్కడి నుంచే వంగి సైరన్ మీట నొక్కాడు. గేటు మూసేశారు, లోపలికి వచ్చినవాళ్ళను బయటికి పంపేశారు. పాప ఒకతి ఐస్‌క్రీం పడిపోయిందని ఏడుస్తుంటే, తల్లి పాము కరిచిందేమోనని అంతకన్నా గట్టిగా ఏడ్చింది.

సరిగ్గా అప్పుడే వెనక గుమ్మంలోంచి దర్జీ వచ్చాడు, చేతిలో మూతపెట్టిన బకెట్టుతో.

"ఇంద. కొట్టు వెనక మురుక్కాలవలో పట్టాను. ఆరడిగావు, ఎందుకైనా మంచిదని ఎనిమిది తెచ్చా."

కప్పలక్క మూత ఎత్తి చూసి తల పట్టుకుంది. "ఇవి గోదురుకప్పలండీ! నావి బొటనవేలంత ఉంటాయి. ఇవి మీ పిడికిలంత ఉన్నాయి."

"పెరిగాయని చెప్పు."

"తిండి మానేసినవి పెరిగాయా?"

"పోనీ వాచాయని చెప్పు."

"మురుక్కాలవలోని వాటిని ఈ పెట్టెలో వేస్తే లేనిపోని రోగాలు అంటుకుంటాయి. దణ్ణం పెడతా, తీసుకెళ్ళిపోండి!"

అతను చిన్నబుచ్చుకుని వెనుదిరిగాడు. అంతలో సైరన్ రెండోసారి మోగింది. జీవితమంతా కుట్టుమిషన్ చప్పుడు తప్ప విననివాడు, ఉలిక్కిపడి బకెట్టు వదిలేశాడు. గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే. ఎనిమిది గోదురుకప్పలూ నున్నటి తెల్ల నడవలో బెకబెకమంటూ ఎటు తోస్తే అటు గెంతాయి. వాటిలో రెండు డైరెక్టరుగారి గదిని ఎంచుకున్నాయి.

"వచ్చింది! బల్ల కింద ఏదో మెసిలింది! మెత్తగా ఉంది!" అని లోపల్నుంచి కేక వినపడింది.

ఆ కేకల మధ్యలోకి డాక్టరమ్మ సంచీ భుజాన వేసుకుని నడిచొచ్చింది. వాచ్‌మన్ చీపురుతో, చెత్తబుట్టతో కాసేపు పోరాడి ఒక గోదురుకప్పను పట్టుకుని, గెలిచినవాడిలా ఆమె ముందు పెట్టాడు.

"ఇదిగో మేడమ్, మా కప్ప. ఎంత బాగా తింటోందో చూడండి!"

ఆమె కళ్ళద్దాలు సర్దుకుంది. "నేను చూడాల్సింది చెట్టుకప్పల్ని. ఇది చెట్టెక్కితే కొమ్మ విరుగుతుంది."

తెరిచి ఉన్న తలుపులోంచి, బల్ల మీద నిలబడే, డైరెక్టరుగారు కప్పలక్క వంక చూశాడు. ఇక దాచి లాభం లేదు. దాచిన కొద్దీ ఒకటి రెండై, రెండు ఎనిమిదై గెంతుతున్నాయి. ఆమెకు ఏడుపొచ్చేసింది.

"తప్పు నాదే సార్. మీకు చెప్పకుండా పెట్టెలో గుడ్డ కట్టాను. మూత పడలేదు. ఆరూ వెళ్ళిపోయాయి. ఈ ఎండకి ఏ మూల ఎండిపోయి పడున్నాయో! పాము ఎక్కడికీ పోలేదు, నన్నే ఏదన్నా చెయ్యండి" అని కొంగుతో ముఖం కప్పుకుంది.

దర్జీ ముందుకొచ్చాడు. "గుడ్డ కుట్టింది నేను సార్. అంచు మందంగా పడింది."

డాక్టరమ్మ ఇద్దర్నీ చూసి, "ముందు పెట్టె చూపించండి" అంది.

"ఖాళీ పెట్టెలో ఏం చూస్తారు మేడమ్?" అన్నాడు డైరెక్టరుగారు, అతి జాగ్రత్తగా కిందికి దిగుతూ.

డాక్టరమ్మ కప్పల గదిలో పెట్టె ముందు పీట వేసుకుని కూర్చుని, ఓ కీచురాయిని అడిగి తీసుకుని లోపలికి వదిలింది. అందర్నీ నోరు మూసుకోమంది. కీచురాయి మట్టిరంగు గుడ్డ మీద నిమ్మళంగా పైకి పాకింది. కాస్త ఆగింది. మీసాలు సవరించుకుంది.

గుడ్డ నోరు తెరిచి దాన్ని మింగేసింది.

ఆ తర్వాత గుడ్డలో ఓ ముక్క కళ్ళు మూసి తెరిచింది. దాని పక్కన ఇంకొకటి కాలు చాపింది. కప్పలక్క మోకాళ్ళ మీద కూలబడి, వేలితో అద్దాన్ని తాకుతూ లెక్కపెట్టింది. మట్టిరంగు వీపులు, నిండుగా ఉబ్బిన పొట్టలు. చెట్టుకప్ప ఉన్నచోటును బట్టి రంగు మారుస్తుందని ఆమె చదవకపోలేదు. కానీ చదవడం వేరు, మనింట్లో వాళ్ళు అలా చేస్తారనుకోవడం వేరు.

"ఐదే ఉన్నాయి" అంది మళ్ళీ మొదట్నుంచీ లెక్కపెట్టి. "ఆరోది లేదు!"

దర్జీ మెల్లగా దగ్గాడు. "ఆ మూల కాస్త చూడు. ఓ ప్యాంటు వెనక జేబు విప్పడం మర్చిపోయినట్టున్నాను."

జేబులోంచి రెండు కళ్ళు బయటికి చూశాయి, ఇల్లు అద్దెకు తీసుకున్నవాడి దర్పంతో.

కప్పలక్క అప్పుడు ఊపిరి పీల్చుకుంది. పొద్దుటి నుంచి పీల్చనిదంతా ఒక్కసారే పీల్చింది. నవ్వింది, ఏడ్చింది, డైరెక్టరుగారి ముందే మొగుడి చెయ్యి పట్టేసుకుంది. అతను కూడా తన చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

"చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికారు" అంది డాక్టరమ్మ లేస్తూ. "కీచురాళ్ళన్నీ వీటి పొట్టల్లోనే ఉన్నాయి. ఆ పాలిపోయిన రంగు వీటిది కాదమ్మా, తెలుపులో దాక్కోవాలని పడ్డ పాట్లు. నేనొచ్చినా జడుసుకోలేదు చూడండి, మూతులు కొట్టుకోలేదు. గది మూయక్కర్లేదు, వీటిని ఎక్కడికీ పంపక్కర్లేదు. పెట్టెకి ఈ రంగే వేయించండి. మూత మాత్రం ఈసారి సరిగ్గా పెట్టండి."

"నేనూ మొదట్నుంచీ అదే అనుకుంటున్నాను" అన్నాడు డైరెక్టరుగారు.

కొండచిలువ దుంగ కిందే నిద్రపోతూ దొరికింది. గోదురుకప్పల్ని దర్జీ బకెట్టులోకి ఎత్తుకుని, దారి పొడుగునా వాటికి క్షమాపణలు చెప్పుకుంటూ కాలవలో వదిలొచ్చాడు. కప్పలక్క ఆ రోజు ఇంటికి వెళ్ళగానే చాప కూడా పరుచుకోకుండా నిద్రపోయింది.

రంగు మహిమ కళ్ళారా చూశాక డైరెక్టరుగారు తన గదికి కూడా అదే మట్టిరంగు వేయించుకున్నాడు. అప్పట్నుంచి పని మీద వెళ్ళినవాళ్ళెవరికీ ఆయన కనపడటం లేదు గానీ, భోజనం మాత్రం వేళకే చేస్తున్నాడట.